పురుగు రాకను ముందే లెక్కగట్టవచ్చా?

మారుతున్న ఎండావానలు – పైరు మీద పురుగు తీరు

"ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు పెద్దలు. ఉత్తర కార్తెలో వాన తీరు చూసుకుని, ఊళ్లో ఉండాలో గంప నెత్తిన పెట్టుకుని వలస పోవాలో తేల్చుకోమని దాని భావం. ఆకాశాన్ని చూసి రేపటి సంగతి అంచనా కట్టడం మన రైతుకు కొత్తేమీ కాదన్న మాట. అయితే ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, కార్తెలు చెప్పిన మాట నిలబడడం లేదు. మృగశిరలో పడాల్సిన వాన ఆరుద్ర దాటినా పడదు. పడితే నెల వాన ఒక్క పూటలో పడుతుంది. చలికాలంలో చలి సరిగా ఉండదు. దీంతో పైరు ఎంత ఇబ్బంది పడుతున్నదో మీకు తెలుసు. కానీ అదే ఎండ, అదే వాన పైరును తినే పురుగు మీద ఎలా పనిచేస్తున్నదో మనం అంతగా పట్టించుకోవడం లేదు.

పట్టించుకోవలసిన అవసరం పెద్ద రైతు కన్నా చిన్న రైతుకే ఎక్కువ. రెండెకరాల మొక్కజొన్న వేసిన రైతు మందు, కూలి కలిపి ఒక్క పిచికారీకి పెట్టే ఖర్చు ఎంతో ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఆ పిచికారీ నాలుగు రోజులు ముందు చేస్తే దండగ. నాలుగు రోజులు ఆలస్యమైతే అంతకన్నా దండగ. కౌలు రైతు అయితే రెండో పిచికారీ కూడా అప్పు తెచ్చే చేయాలి. కాబట్టి పురుగు ఎప్పుడు వస్తుంది, ఏ దశలో ఉంటుంది అన్నది కాస్త ముందుగా తెలిస్తే అది డబ్బు మిగిల్చే సంగతే. ఇది ఎంతవరకు సాధ్యమో, ఎక్కడ సాధ్యం కాదో ఈ వారం చూద్దాం.

వేడే పురుగుకు గడియారం

మనిషి ఒంట్లో వేడి ఎండాకాలమైనా చలికాలమైనా ఒక్కటే. పురుగుకు అలా కాదు. బయట ఎంత వేడి ఉంటే దాని ఒళ్లు దాదాపు అంత వేడిగా ఉంటుంది. అందుకే చలిలో పురుగు నెమ్మదిగా పెరుగుతుంది. వెచ్చగా ఉంటే తొందరగా గుడ్డు పగులుతుంది, తొందరగా తింటుంది, తొందరగా రెక్కల పురుగై మళ్లీ గుడ్లు పెడుతుంది. రోజుల లెక్క మనకే గానీ పురుగుకు కాదు. దానికి వేడి లెక్కే లెక్క.

ప్రతి పురుగుకూ ఒక కనీస వేడి ఉంటుంది. అంతకు తక్కువైతే దాని ఎదుగుదల ఆగిపోతుంది. ఆ పైన ఉన్న వేడి మాత్రమే దాని ఖాతాలో రోజురోజుకూ జమ అవుతుంది. కావలసినంత జమ కాగానే అది తరువాతి దశకు మారుతుంది. పోస్టాఫీసులో రోజూ కొంత కొంత దాచుకుని, మొత్తం పూర్తికాగానే తీసుకున్నట్టే అనుకోండి.

మొక్కజొన్నను తినే కత్తెర పురుగును ఉదాహరణగా తీసుకుందాం. ఈ పురుగుకు కనీస వేడి సుమారు పన్నెండున్నర డిగ్రీల సెంటీగ్రేడ్ అనీ, గుడ్డు పెట్టినప్పటి నుంచి రెక్కల పురుగు బయటికి వచ్చేవరకు సుమారు 390 డిగ్రీల జమ కావాలనీ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పెంచి తేల్చారు. ఎప్పుడూ 18 డిగ్రీల వేడిలో ఉంచితే ఈ పురుగు గుడ్డు నుంచి రెక్కల దశకు రావడానికి 71 రోజులు పట్టింది. అదే 32 డిగ్రీలలో ఉంచితే 20 రోజులకే వచ్చేసింది. పురుగు అదే, మేత అదే. మారింది వేడి ఒక్కటే.

లెక్క వేసే విధం

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. పిల్లల నోటు పుస్తకం ఒకటి చాలు. టీవీలోనో, పేపర్లోనో, ఫోనులోనో మీ ప్రాంతపు పగటి ఎక్కువ వేడి, రాత్రి తక్కువ వేడి రోజూ చెబుతారు. ఆ రెండూ కూడి సగం చేయండి. అందులోంచి పన్నెండున్నర తీసేయండి. మిగిలింది ఆ రోజు జమ.

వానాకాలం: పగలు 32, రాత్రి 22 డిగ్రీలు అనుకోండి. సగటు 27. పన్నెండున్నర తీసేస్తే రోజుకు 14.5 జమ. 390 పూర్తికావడానికి 27 రోజులు.

చలికాలం: పగలు 29, రాత్రి 15. సగటు 22. రోజుకు 9.5 జమ. 390 పూర్తికావడానికి 41 రోజులు.

బాగా వెచ్చని రోజులు: పగలు 35, రాత్రి 25. సగటు 30. రోజుకు 17.5 జమ. 22 రోజుల్లోనే పూర్తి.

రెక్కల పురుగు బయటికి వచ్చాక జత కట్టి గుడ్లు పెట్టడానికి మరో మూడు నాలుగు రోజులు పడుతుంది. దాన్ని కూడా కలుపుకుంటే ఒక తరం పూర్తవుతుంది. ఒక్కో ఆడ పురుగు తన జీవితంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. అన్నీ బతకవు. వాన, చీమలు, సాలీళ్లు, పిట్టలు, పరాన్నజీవులు చాలావాటిని కాజేస్తాయి. బతికినవే మన పంటకు చేటు.

ఈ లెక్కతో పొలంలో ఏం లాభం?

జూన్ నడుమ మొక్కజొన్న విత్తారనుకోండి. పైరు మొలవగానే ఎకరాకు నాలుగైదు లింగాకర్షక బుట్టలు పెట్టారు. జులై 1న బుట్టలో మొదటిసారి మగ పురుగులు పడ్డాయి. మగవి వచ్చాయంటే ఆడవి కూడా ఆ దరిదాపుల్లోనే ఉన్నాయని అర్థం. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పెడతాయి. సగటు వేడి 27 డిగ్రీలుంటే గుడ్డు పగలడానికి రెండున్నర రోజులు చాలు. అంటే జులై 5, 8 మధ్య మీరు పొలంలో ఉండి తీరాలి. ఆకుల మీద బూజులాంటి నూగు కప్పిన గుడ్ల గుంపులు, ఆకు మీద తెల్లగా గీకినట్టున్న మచ్చలు, సన్నని చిల్లులు కోసం చూడాలి. ఆ నాలుగైదు రోజులే మన చేతిలో ఉన్న కాలం. పిల్ల పురుగు ఇంకా ఆకు మీదే ఉంటుంది. గుడ్ల గుంపును చేత్తో నలిపితే పైసా ఖర్చు లేదు. ఐదు శాతం వేప గింజల కషాయం అప్పుడైతే బాగా పనిచేస్తుంది.

అది దాటిందా, పురుగు సుడిలోకి దూరి రెట్టతో బిరడా వేసుకుని కూర్చుంటుంది. తరువాత ఎంత ఖరీదైన మందు కొట్టినా సగం మందు ఆకు మీదే ఉండిపోతుంది. తల మీద తిరగేసిన 'వై' అక్షరం లాంటి గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లమచ్చలు కంటికి స్పష్టంగా కనిపించేంత ఎదిగిందంటే అప్పటికే ఆలస్యమైందన్న మాట.

అదే యాసంగిలో, డిసెంబరు చలిలో, సగటు 22 డిగ్రీలున్నప్పుడు గుడ్డు పగలడానికి నాలుగు రోజులు పడుతుంది. అప్పుడు వానాకాలం లెక్కతో పిచికారీ చేస్తే పురుగు ఇంకా గుడ్డులోనే ఉంటుంది. మందు వృథా. అందుకే "విత్తిన ఇన్నో రోజుకు కొట్టండి" అని ఎవరైనా గుత్తగా చెబితే నమ్మకండి. రోజుల లెక్క ఏ కాలానిదని అడగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. జులై 5న పెట్టిన గుడ్లు పై లెక్క ప్రకారం ఆగస్టు 1 నాటికి రెక్కల పురుగులవుతాయి. అప్పటికి జూన్‌లో విత్తిన పైరు ముదిరి పూతకు దగ్గరవుతుంది. కానీ పక్క పొలంలో జులై నడుమ విత్తిన లేత పైరు ఉంటే ఈ రెండో తరం మందంతా దాని మీద పడుతుంది. ముందు విత్తిన పొలంలో పుట్టిన పురుగు ఆలస్యంగా విత్తిన పొలానికి శత్రువు. ఊళ్లో అందరూ పది పదిహేను రోజుల తేడాలో విత్తుకోవాలని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది ఇందుకే.

ఈ లెక్కకు హద్దు కూడా ఉంది. మొదటి తరానికి ఇది బాగా కుదురుతుంది. తరువాత తరువాత వేరే చోట్ల నుంచి ఎగిరి వచ్చిన పురుగులు కలిసి గుడ్డు, పిల్ల, పెద్ద అన్నీ ఒకే పొలంలో కనిపిస్తాయి. అప్పుడు లెక్క కన్నా కన్ను మేలు.

రెండు డిగ్రీలు పెరిగితే?

భూమి సగటు వేడి 150 ఏళ్ల కిందటితో పోలిస్తే ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా పెరిగింది. ఒక డిగ్రీ మనకు లెక్కలోది కాదు. పురుగుకు మాత్రం లెక్కే. సగటు 27 డిగ్రీలున్న చోట కత్తెర పురుగు తరం, గుడ్లు పెట్టే వ్యవధి కలుపుకుని సుమారు 31 రోజులు. 29 అయితే 28 రోజుల లోపే. ఏడాది పొడవునా మొక్కజొన్న దొరికే ప్రాంతంలో ఇది ఏడాదికి ఒక తరం పైగా అదనం. మాటవరసకు తరానికి పది రెట్లు పెరుగుతుందనుకుంటే మూడు తరాలకు వెయ్యి, నాలుగో తరానికి పదివేలు. ఒక తరం ఎక్కువైతే తేడా అంత.

మరో కారణం కూడా ఉంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ ఆకులో నత్రజని పలచబడుతుంది. సారం తగ్గిన ఆకుతో కడుపు నిండక పురుగు ఇంకా ఎక్కువ తింటుంది. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ 'క్రీడా' శాస్త్రవేత్తలు పైన తెరిచి ఉంచిన గదుల్లో ఈ వాయువు పెంచి ఆముదం, వేరుశనగ పెంచారు. ఆ ఆకులు పెట్టిన పొగాకు లద్దె పురుగులు మామూలు ఆకులు తిన్నవాటి కన్నా ఎక్కువ మేశాయి.

2018లో అమెరికా శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో ఒక అంచనా ప్రకటించారు. భూమి వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ వరి, మొక్కజొన్న, గోధుమ పంటల్లో పురుగుల వల్ల కలిగే నష్టం పది నుంచి పాతిక శాతం వరకు పెరగవచ్చన్నది దాని సారాంశం. దీన్ని సరిగా అర్థం చేసుకోవాలి. పంటలో పాతిక శాతం పోతుందని కాదు. ఇప్పుడు పురుగు పది బస్తాలు తింటుంటే అది పదకొండో, పన్నెండున్నరో అవుతుందని.

ఎండ మితిమీరితే పురుగుకూ చేటే

వేడి పెరిగినకొద్దీ పురుగు పెరుగుతూనే పోతుందా అంటే పోదు. ప్రతి పురుగుకూ హాయిగా ఉండే వేడి ఒకటుంటుంది. కత్తెర పురుగుకు అది 26 నుంచి 30 డిగ్రీలు. అది దాటి బాగా పైకి పోతే గుడ్లు తగ్గుతాయి, పిల్లలు చస్తాయి. అందుకే ఈ మార్పు చల్లని దేశాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది. 1960 నుంచి పంటల పురుగులు, తెగుళ్లు ఏడాదికి సగటున 2.7 కిలోమీటర్ల చొప్పున వేడి ప్రాంతాల నుంచి ధ్రువాల వైపు జరుగుతున్నాయని ఇంగ్లండు శాస్త్రవేత్తలు 2013లో లెక్క తేల్చారు. అంతకుముందు చలికి చచ్చే పురుగు ఇప్పుడు అక్కడ చలికాలం గడిపేస్తున్నది.

మరి మన దగ్గర? మే నెల ఎండలో మన పురుగులు కూడా తగ్గుతాయి. కానీ మనకు ముప్పు వేసవిలో కాదు, చలికాలంలో. డిసెంబరు, జనవరి రాత్రులు వెచ్చబడితే చలికి నెమ్మదించాల్సిన పురుగు నెమ్మదించదు. పైన చూసిన 41 రోజుల తరం 35 రోజులకో 33 రోజులకో దిగుతుంది. యాసంగి మొక్కజొన్న, శనగ, కూరగాయలు వేసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. పగటి ఎండ గురించి అందరం మాట్లాడుకుంటాం గానీ, పురుగు సంగతి తెలియాలంటే రాత్రి చలి ఎంత తగ్గిందో చూడాలి.

వాన చెప్పే కబురు

కొన్ని పురుగుల రాకను వేడి కన్నా వానే బాగా చెబుతుంది. అనంతపురం, కర్నూలు వైపు వేరుశనగ రైతులకు ఎర్ర గొంగళి పురుగు బాగా తెలుసు. ఇది కోశం దశలో నెలల తరబడి భూమిలోనే నిద్రపోతుంది. తొలకరిలో గట్టి వాన పడి నేల బాగా తడిసిందంటే, తరువాతి రాత్రుల్లో రెక్కల పురుగులు గుంపులుగా లేస్తాయి. అందుకే ఆ వాన పడిన సాయంత్రం నుంచే గట్ల మీద మంటలు వేయడం, దీపపు ఎరలు పెట్టడం మన పెద్దలు ఊరంతా కలిసి చేసేవారు. ఇదే అసలైన ముందస్తు అంచనా. తొలకరి మే నెలలో పడితే పురుగు మేలోనే లేస్తుంది. జులైకి జరిగితే అదీ జులైకి జరుగుతుంది. క్యాలెండరు చూడకుండా వానను చూసినవాడే గెలుస్తాడు.

వేరుశనగలోనే ఆకుముడత పురుగు దీనికి విరుద్ధం. ఇది బెట్టకు రేగుతుంది. పంట మీద రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే దీని కోసం ఆకులు తిప్పి చూడాలి. గట్టి వాన పడితే తగ్గుతుంది. వానకూ వానకూ మధ్య ఎడం పెరుగుతున్న ఈ రోజుల్లో ఈ పురుగు గురించి జాగ్రత్త అవసరం.

వరిలో సుడిదోమకు ఉక్క కావాలి. గాలి ఆడని గుబురు పైరు, నిలవ నీరు, మోతాదు మించిన యూరియా, వీటికి తోడు మబ్బు పట్టిన తేమ వాతావరణం కలిస్తే దోమ దుబ్బుల మొదట్లో చేరి పదిహేను ఇరవై రోజుల్లో సుడులు సుడులుగా ఎండబెడుతుంది. వాతావరణం మన చేతిలో లేదు. మిగతా మూడూ మన చేతిలోనివే. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం, మధ్య మధ్య నీరు తీసి ఆరగట్టడం, యూరియా దఫాలుగా వేయడం ఇందుకే చెబుతారు. తెరిపి లేని ముసురు తరువాత ఉక్కగా ఉంటే మరుసటి రోజే పొలంలో దిగి దుబ్బు మొదలు తట్టి చూడండి.

దేశాలు దాటి వచ్చేవి

కత్తెర పురుగు మనది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. ఈ పురుగు చలికాలం నిద్రపోలేదు. గట్టి మంచు పడితే చస్తుంది. అమెరికాలో కూడా దక్షిణపు కొసన వెచ్చని ఫ్లోరిడా, టెక్సాస్ ప్రాంతాల్లో చలికాలం గడిపి, ఏటా వేసవిలో ఉత్తరానికి ఎగురుతుంది. ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు పోగలదు. శాస్త్రవేత్తలు దాని పుట్టింటి వేడిని, తేమను తీసుకుని, ప్రపంచంలో అలాంటి వాతావరణం ఇంకా ఎక్కడుందో పోల్చి పటాలు గీశారు. దక్షిణాసియా ఆ పటాల్లో ఎర్రరంగులోనే ఉంది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో పురుగు దొరకనే దొరికింది. ఆ ఏడాదే మన తెలుగు జిల్లాలకు పాకింది. 2020లో ఆస్ట్రేలియా చేరింది. ఎక్కడ బతకగలదో పటం సరిగానే చెప్పింది. ఏ రోజు వస్తుందో మాత్రం ఏ పటమూ చెప్పలేదు.

మిడతల సంగతి ఇంకా గమ్మత్తు. 2018లో మే నెలలో ఒకటి, అక్టోబరులో ఒకటి, రెండు తుపానులు అరేబియా ఎడారి మీద పడ్డాయి. మనుషులు తిరగని ఆ ఇసుకలో నీరు నిలిచి పచ్చిక మొలిచింది. మిడతలు అక్కడ తరం తరువాత తరం పిల్లలు పెట్టాయి. అవే ఆఫ్రికాకు, పాకిస్థాన్‌కు, 2019లో రాజస్థాన్, గుజరాత్‌లకు, 2020లో మధ్యప్రదేశ్, మహారాష్ట్రలకు దండుగా వచ్చాయి. మన ఆదిలాబాద్ సరిహద్దు గ్రామాల్లో కూడా అప్పుడు అప్రమత్తం చేశారు. ఎక్కడో అరేబియాలో పడిన వానకు ఇక్కడ మనం పొలాల్లో డప్పులు సిద్ధం చేసుకోవలసి వచ్చిందన్న మాట. వాన పడినప్పుడే పసిగడితే మిడత రెక్కలు రాకముందే అదుపు చేయవచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అందుకోసమే ఎడారి వానలను ఉపగ్రహాలతో కనిపెడుతూ ఉంటుంది.

అన్నీ వాతావరణం మీదికి నెట్టకండి

ఈ మధ్య ఏ పురుగు వచ్చినా "వాతావరణం మారింది, ఏం చేస్తాం" అనేయడం అలవాటైంది. ఇది సరికాదు. పత్తిలో గులాబీ రంగు పురుగును చూడండి. బీటీ విత్తనాన్ని తట్టుకునే శక్తి దానికి రావడం, చుట్టూ వేయవలసిన బీటీ కాని పత్తిని వేయకపోవడం, మార్చి ఏప్రిల్ దాకా పత్తిని పొలంలోనే ఉంచడం, జిన్నింగు మిల్లుల్లో నిలవలు, ఇవి ముఖ్య కారణాలు. వేడి దానికి కొంత తోడ్పడుతుందేమో గానీ డిసెంబరు నాటికి పంట తీసేసి మోళ్లు పీకేస్తే పురుగుకు తిండే ఉండదు. అది మన చేతిలోని పని.

మిరపలో 2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు పూతను నాశనం చేసిన నల్ల తామర పురుగు కూడా బయటి నుంచి వచ్చినదే. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద దీన్ని మొదట గుర్తించారు. ఆరేళ్లు గడిచాక మిరప పూల మీద పడింది. రైతులు భయంతో రోజు విడిచి రోజు రకరకాల మందులు కలిపి కొట్టారు. పూలలో దాగిన పురుగు చావలేదు సరికదా, దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చాయి. కాబట్టి అంచనా అంటే వాతావరణం ఒక్కటే కాదు. కొత్త పురుగు మొదట ఎక్కడ కనిపించింది, ఎటు కదులుతున్నది అన్న కబురు కూడా అంతే ముఖ్యం.

కబురు ఎలా పుడుతుంది?

లెక్క ఎంత గొప్పదైనా దానికి పొలం నుంచి సమాచారం అందాలి. మహారాష్ట్రలో 2008 వానాకాలంలో సోయా చిక్కుడును లద్దె పురుగులు తుడిచిపెట్టాయి. మరుసటి ఏడాది నుంచి ఆ రాష్ట్రం ఒక పద్ధతి పెట్టింది. ఎంపిక చేసిన పొలాలను మనుషులు వారం వారం చూస్తారు. పురుగుల లెక్క కంప్యూటరుకు ఎక్కుతుంది. గీత దాటిన చోట రైతులకు ఫోనులో సందేశం వెళుతుంది. కేంద్ర ప్రభుత్వం కూడా 2024 ఆగస్టులో జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. రైతు ఫోనుతో తీసిన ఫొటో పంపితే పురుగును గుర్తించి సలహా ఇవ్వడం దాని ఉద్దేశం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వంటి చోట్ల దశాబ్దాల తరబడి దీపపు ఎరల్లో పడిన పురుగులను లెక్కపెట్టి రాసి ఉంచారు. ఆ పాత పుస్తకాలూ, ఆనాటి వేడి వాన లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసే, ఏ వాతావరణానికి ఏ పురుగు లేస్తుందో శాస్త్రవేత్తలు చెప్పగలుగుతున్నారు.

అయితే ఇవన్నీ జిల్లాకో మండలానికో చెబుతాయి. "ఈ వారం పురుగు రావడానికి అనువుగా ఉంది" అని చెప్పగలవు గానీ "మీ సర్వే నంబరులో పడింది" అని చెప్పలేవు. మీ పొలం సంగతి మీరే చూడాలి. సలహా వచ్చిందని చూడకుండా మందు కొట్టకండి. సలహా రాలేదని చూడకుండా కూర్చోనూ వద్దు.

రైతు సోదరులు చేయవలసినవి

1. ఒక నోటు పుస్తకం పెట్టండి. విత్తిన తేదీ, వాన పడిన తేదీలు, పగటి, రాత్రి వేడి, బుట్టలో పడిన పురుగుల సంఖ్య రాయండి. రెండు మూడేళ్లు రాస్తే మీ పొలానికి మీరే శాస్త్రవేత్త.

2. లింగాకర్షక బుట్టలు పైరు మొలవగానే పెట్టండి. పురుగు కనిపించాక పెడితే కబురు ఆలస్యమవుతుంది. ఎర బిళ్లను పొట్లం మీద రాసిన గడువుకు మార్చండి. ఒక్కో పురుగుకు ఒక్కో ఎర. పత్తి ఎర మొక్కజొన్నకు పనికిరాదు.

3. వారానికి రెండుసార్లు పొలంలో ఐదు చోట్ల, ఒక్కో చోట 20 మొక్కల చొప్పున మొత్తం వంద మొక్కలు చూడండి. లేత మొక్కజొన్నలో వందకు ఐదు మొక్కలు దెబ్బతింటే వేప గింజల కషాయంతో మొదలుపెట్టండి. నష్టం పది నుంచి ఇరవై మొక్కల దాకా పోతే వ్యవసాయాధికారిని అడిగి సిఫారసు చేసిన మందు, చెప్పిన మోతాదులో సుడిలో పడేలా కొట్టండి.

4. పురుగు ముదిరి సుడిలో దాగితే విషపు ఎర మేలు. పది కిలోల తవుడు, రెండు కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీటితో కలిపి ఒక రోజు పులియబెట్టి, వేసే అరగంట ముందు వంద గ్రాముల థయోడికార్బ్ కలపండి. ఎకరా పొలంలో సుడుల్లో వేయండి. చేతికి తొడుగు తప్పనిసరి. పశువులను, కోళ్లను ఆ పొలంలోకి రానివ్వకండి.

5. మందు మార్చి మార్చి వాడండి. ఒకే మందు పదే పదే కొడితే పురుగు దానికి అలవాటు పడుతుంది. రెండు మూడు మందులు కలిపి కొట్టడం మానండి.

6. ఊళ్లో పది మంది కలిసి విత్తే తేదీలు మాట్లాడుకోండి. ఒక్కడి పొలంలో చేసిన పని పక్కవాడు చేయకపోతే సగమే ఫలం.

7. మీకు తెలియని పురుగు కనిపిస్తే ఊరుకోకండి. సీసాలో పట్టి గానీ, ఫొటో తీసి గానీ రైతు సేవా కేంద్రానికో, వ్యవసాయ విస్తరణాధికారికో, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో చూపండి. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. కొత్త పురుగును మొదట చూసేది శాస్త్రవేత్త కాదు, పొలంలో ఉన్న రైతే.

ఈ వానాకాలానికి అన్నీ చేయలేకపోయినా ఫరవాలేదు. నాలుగు బుట్టలు, ఒక నోటు పుస్తకం, వారానికి రెండు పూటలు. వీటితో మొదలుపెట్టండి. వీటికయ్యే ఖర్చు ఒక్క పిచికారీ ఖర్చు కన్నా తక్కువే. వేళ తప్పిన ఒక్క పిచికారీ తప్పినా ఆ సొమ్ము మీకు తిరిగి వచ్చినట్టే.